ఎవరిదో చెయ్యి

మే 13, మంగళవారం

రూతక్క చెయ్యి విరిగింది. కుడి చెయ్యి, మణికట్టుకు కొంచెం పైన.

మా గోడౌన్లో పార్సిళ్ళ ట్రాలీకి బ్రేకు పట్టదని పోయిన నెల నుంచి మొత్తుకుంటున్నాం. ఇవాళ అన్నానికి లేచే ముందు అది ర్యాంపు మీద నుంచి దానంతట అదే దిగింది. అక్క బెల్టు దగ్గర వంగి డబ్బా తీస్తోంది. నేను "అక్కా" అని అరిచాను. అరిచేలోపే ట్రాలీకీ బెల్టు ఇనుప చట్రానికీ మధ్య చెయ్యి ఇరుక్కుంది. ఎండిన కందికట్టె విరిచినట్టు శబ్దం. అక్కడ మేమిద్దరమే ఉన్నాం. మిగతావాళ్ళు చేతులు కడుక్కోవడానికి పోయారు.

మా షిఫ్టు ఇన్‌ఛార్జి దయానంద్ పరిగెత్తుకొచ్చాడు. ఈఎస్ఐ ఆసుపత్రికి పోదామా అని అక్క అడిగింది. నేనే అడ్డం పడ్డాను.

"ఆసుపత్రిలో కోసి ప్లేటేస్తామంటారక్కా. పుత్తూరుకు పోదాం పా. మా ఊరోళ్ళ ఎముకలన్నీ ఆడ అతికినవే."

"కరెక్టు మాట చెప్పినావు నాగవేణీ. పుత్తూరుకే పోండి. ఆటో నేను పెడతా," అన్నాడు దయానంద్.

ఏనాడూ మాకు టీ కూడా ఇప్పించని మనిషి. రేణిగుంట నుంచి పుత్తూరు దాకా ఆటో పెట్టాడు. వాడిలో కూడా ఎక్కడో మనిషి ఉన్నాడేమో అనుకున్నాను.

పుత్తూరులో జనం ఎప్పటిలాగే ఉన్నారు. మద్రాసు కార్లు, తిరుత్తణి ఆటోలు, మంచం మీద మోసుకొచ్చిన ఒక ముసలాయన. కట్టు కట్టే ఆయన వేళ్ళతో ఎముకను తడిమి, మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక్క లాగు లాగాడు. అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. "ప్రభువా" అనింది, అంతే. ఆకు పసరు, గుడ్డు సొన, వెదురు బద్దలు, పైన తెల్ల గుడ్డ. మోచేయి దాకా బిగించి కట్టారు.

బయటికొచ్చాక అక్కే అడిగింది. "ఒక ఫోటో తీయ్ మే నాగవేణీ. ఏబెల్‌కు పంపుదాం. నోటితో చెప్తే నమ్మడు."

ఏబెల్ ఆమె మొగుడు. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజను పనికి పోయాడు. వారానికొకసారి వస్తాడు. ఫోటో తీసి పంపాను.


మే 14

ఒళ్ళంతా నొప్పులు. అక్క పని కూడా నాకే వేశారు.


మే 16, శుక్రవారం

సెలవు కావాలని అక్క దయానంద్‌కు ఫోన్ చేసిందట. వాడేమన్నాడో నాకు చెప్పి పడీ పడీ నవ్వింది.

"రెండో చెయ్యి బాగుండాది గదా అని అడిగినాడు మే! ఎడమ చేత్తో స్కానరు పట్టుకోవచ్చు, సోమారం రాగలవేమో సూడు అన్నాడు. నేను సరే సార్ అనేసినా. నోరు అట్ల అలవాటైపోయింది."

ఆమె నవ్వుతుంటే నాకు మండిపోయింది. గోడకేసి ఏదైనా కొట్టాలనిపించింది. రూములో కొట్టడానికి ఫ్యానూ, ఫోనూ తప్ప ఏమీ లేవు.

ఫోనులో నా మీమ్స్ పేజీ తెరిచాను. 'షిఫ్టింకా అయిపోలా' అని పేరు పెట్టి రెండేళ్ళవుతోంది. బొమ్మ కత్తిరించడం, అక్షరాలు పెట్టడం, ఎక్కడ ఆపితే నవ్వు వస్తుందో అంతా ఫోనులోనే నేర్చుకున్నాను. నేర్పినవాడు లేడు. ఇంటర్ ఫెయిలైనవాళ్ళకు ఎవరు నేర్పుతారు. పేజీ నడిపేది ఆడపిల్లని ఎవరికీ తెలియదు. అందరూ "అడ్మిన్ అన్నా" అంటారు. బాగానే ఉంది, అన్నగా ఉంటే తిట్లు తక్కువ.

కట్టు ఫోటో తీసుకున్నాను. ముఖం కత్తిరించేశాను. చెయ్యి మాత్రం. పైన: "సార్, చెయ్యి విరిగింది." కింద: "ఒకటేనా?"

అక్క కోసమే పెట్టాను. ముఖం లేదు కదా. ఎవరికీ తెలియదు.


మే 18, ఆదివారం

పొద్దున లేచేసరికి ఫోను వేడెక్కిపోయి ఉంది.

ఇన్నాళ్ళు నా బొమ్మలు మా గోడౌన్లు, పక్క ఫ్యాక్టరీలు, తిరుపతి లాడ్జీల్లో పనిచేసే పిల్లకాయల దాకా పోయేవి. ఇది ఆగలేదు. అనంతపురంలో బ్యాంకామె, "మా మేనేజరు అచ్చం ఇంతే" అని రాసింది. ఒక టీచరు, ఒక నర్సు, హైదరాబాదులో సాఫ్ట్‌వేరు వాళ్ళు గుంపులు గుంపులుగా. ఒక బస్సు కండక్టరు అయితే, "ఒకటేనా అని అడిగాడంటే మీ సారు దేవుడు, మావాడు అది కూడా అడగడు" అని రాశాడు. నా జోకుకన్నా అదే బాగుంది. సాయంత్రానికి ఎవరో అరవంలో కూడా చేసేశారు. పుత్తూరు కట్టు మద్రాసోళ్ళకూ తెలుసు కదా.

ఎందుకింత పోయింది అని పని మధ్యలో అంతా ఆలోచించాను. జోకు గొప్పదేమీ కాదు. నాలుగు మాటలు. ఒకటి మాత్రం కనిపించింది. ఎవరూ ఊరికే చూసి వదలడం లేదు, ఇంకొకరికి పంపుతున్నారు. "ఇది నువ్వే" అని పంపుతున్నారు. నేను చచ్చిపోతున్నాను అని స్నేహితుడికి చెప్పాలంటే సిగ్గు. చెప్పాక వాడు పలకకపోతే ఇంకా సిగ్గు. ఇదైతే బొమ్మ. వాడు పలికితే మాట్లాడుకోవచ్చు, పలకకపోతే జోకే కదా అనుకోవచ్చు. ఏడుపును పంపితే తీసుకునేవాడు లేడు. నవ్వులో చుట్టి పంపితే అందరి ఇంట్లోకీ పోతుంది.

ఇంత బాగా ఆలోచించినందుకు నాకు నేనే టీ ఇప్పించుకున్నాను.


మే 20, మంగళవారం

క్యాంటీన్లో అందరి ఫోన్లలో అదే. నాకే చూపిస్తున్నారు. నేను కూడా ఇప్పుడే చూసినట్టు నవ్వాలి. ఇదొక ఉద్యోగం.

దయానంద్ కూడా వచ్చాడు. పళ్ళెం పక్కన పెట్టి ఫోను నా ముందుకు తోశాడు.

"సూడబ్బా ఇది. నగి నగి కడుపు నొప్పి. మా రీజినల్ మేనేజరు లేడూ, వాడే వీడు. పోయిన నెల నాకు జొరమొస్తే ఎంతుండాది అని అడిగినాడు. నూటరెండు సార్ అంటే, నూటమూడైతే చెప్పు అన్నాడు."

వాడే ఆ మాట అన్నవాడు. రూతక్కతో అని వారం కూడా కాలేదు. కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వుతున్నాడు. షిఫ్టు గ్రూపులో కూడా వాడే పెట్టాడు.

ఆ చెయ్యి ఎవరిదో తెలియదా వీడికి? తెలియదు. నిజంగానే తెలియదు. వాడి కళ్ళకు ఆ చెయ్యి వాడిదే.


మే 21

ఇంకా పోతూనే ఉంది.


మే 24, శనివారం

కరకంబాడిలో అక్క ఇంటికి పోయాను. ఏబెల్ కూడా ఉన్నాడు. చేతులు మామిడి సొనకు పొక్కిపోయి ఉన్నాయి.

కూర్చోగానే అక్క ఫోను తీసింది. "ఇది సూడు. మా తమ్ముడు బెంగుళూరు నుంచి పంపినాడు. అక్కా, నీలాంటోళ్ళే ఎవరో పాపం అని రాసినాడు. సొంత అక్క చెయ్యిని అక్కకే పంపినాడు సన్నాసి."

ఫోను అక్క చేతికి తిరిగిచ్చేశాను.

"నీదే గదా మే ఆ పేజీ?"

"ఎట్ల తెలుసక్కా?"

"నా చీర అంచు నాకు తెలీదా. ఆ పొద్దు ఫోటో తీసింది నువ్వొక్కదానివే. ఏబెల్‌కని గదా తీసినావు."

ఏబెల్ నా వైపు చూడలేదు. వేళ్ళ మీది పొక్కులు చూసుకుంటూ అన్నాడు. "మా ఫ్యాక్టరీలో కూడా అందరూ చూసినారు. నేనూ నగినా, మొదట. తర్వాత కొంగు చూసినా."

"తీసేస్తానక్కా."

"యాడని తీస్తావు? మద్రాసు దాకా పోయిందంటనే." నవ్వింది. ఎప్పటి నవ్వు కాదు. తర్వాత అసలు సంగతి చెప్పింది.

కాంట్రాక్టరు పనివాళ్ళ లిస్టులోంచి ఆమె పేరు తీసేశాడు. లోపల దెబ్బ తగిలినట్టు ఎక్కడా లేదట. బయట బస్సు దిగుతూ పడిందట. దయానంద్ అట్లాగే చెప్పాడట. ఆ మూలకు కెమెరా తిరగదు. ఈఎస్ఐ ఆసుపత్రికి పోయి ఉంటే ఆ రోజే రాసుకునేవాళ్ళు, ఎక్కడ తగిలింది, ఎట్లా తగిలింది అని. పుత్తూరులో ఎముక అడుగుతారు, కంపెనీ అడగరు.

ఆటో ఎందుకు పెట్టాడో ఇప్పుడు అర్థమైంది. నేను ముందే పరిచిపెట్టిన దారిలో వాడు నడిచాడు.

అక్క తిరుపతి లేబర్ ఆఫీసులో అర్జీ ఇచ్చింది. పిలుస్తామన్నారట.

"నువ్వు చూసినావు గదా మే. వచ్చి ఒక మాట చెప్పు, సాలు. నా చెయ్యి అతుకుతాది. పని పోతే యాడ అతికించుకోవాల?"

"చూస్తాలే అక్కా," అన్నాను.


మే 25, ఆదివారం

అక్కతో చూస్తాలే అన్నాను కానీ ఆలోచించాలి. లేబర్ ఆఫీసులో నేనొక్కదాన్ని చెప్తే వినేది ఎవరు? ఇద్దరు ముగ్గురు. పేజీలో పెడితే రాష్ట్రమంతా వింటుంది. నా బలం అక్కడుంది. బలం ఉన్నచోటి నుంచే కొట్టాలి.

కొత్త బొమ్మ చేశాను. అదే కట్టు. పైన: "మా కంపెనీలో ప్రమాదాలు జరగవు." కింద: "గేటు బయట మాత్రం రోజూ ఎవరో ఒకరు పడుతుంటారు."

ఇది అక్కకు ఉపయోగపడుతుంది. ఇది చూస్తే ఎవరికైనా మండుతుంది.


మే 28, బుధవారం

ఎవరికీ మండలేదు. నవ్వారు. వరసగా పసుపుపచ్చ ముఖాలు, కన్నీళ్ళొచ్చేలా నవ్వే ముఖాలు. "సూపర్ అన్నా." "అన్నా మీ కంపెనీ అడ్రసు చెప్పండి, మా కంపెనీతో పెళ్ళి సంబంధం మాట్లాడదాం." ఇది కూడా బాగుంది, ఏం చేస్తాం.

ఒకడు విడిగా మెసేజి పెట్టాడు. గుంటూరు అతనట. "అడ్మిన్ అన్నా, సోమవారం పని మానేద్దామనుకున్నాను. రాజీనామా రాసి పెట్టుకున్నాను. మీ బొమ్మలు చూసి నవ్వుకున్నాక, సరే అందరికీ ఇంతే కదా అనిపించింది. ఆఫీసుకు పోయాను. మీకు రుణపడి ఉంటాను."

మూడుసార్లు చదివాను. అతను మంచివాడు. మనసులోంచి రాశాడు.

నేను చేస్తున్నది ఇదా? విసిగిపోయినవాళ్ళను నవ్వించి మళ్ళీ పనికి పంపుతున్నాను. దయానంద్ చేసే పనే. వాడికి జీతమైనా ఇస్తారు.


మే 29

కోపం కూడా రావడం లేదు. నిద్ర వస్తోంది, పడుకుంటే పోతోంది.


జూన్ 2, సోమవారం

దయానంద్ తన గదికి పిలిచాడు. కూర్చోమన్నాడు. ఆ గదిలో నన్ను కూర్చోమనడం ఇదే మొదలు.

"ఆ రూతు పడిన పొద్దు నువ్వు యాడుండావు నాగవేణీ?"

"ప్యాకింగులో సార్."

"ప్యాకింగులోనా? బెల్టు కాడ లేవు గదా?"

మెడలోని కార్డు తాడు వేలికి చుట్టుకున్నాను.

"టీం లీడర్ల కోసం పేర్లు అడిగినారు పైనుంచి. ఆడోళ్ళలో ఎవరున్నారబ్బా అంటే నీ పేరే చెప్పినా. తెలివైన పిల్ల, గమ్మునుంటాది అని. ప్యాకింగులోనే ఉండావు గదా?"

తల ఊపాను.

అబద్ధం చెప్పలేదు. నా పని ప్యాకింగే. ఆ రోజు మూత వేసిన డబ్బాలు బెల్టు దగ్గర పెట్టడానికి పోయాను, అంతే. తల ఊపడం అంటే ఒప్పుకోవడం కాదు. వాడు మాట్లాడుతుంటే ఎప్పుడూ ఊపుతాను. అలవాటు.

టీం లీడరైతే లోపలి నుంచే అక్కకు ఏమైనా చేయొచ్చు. ట్రాలీలన్నీ బాగు చేయించొచ్చు. అట్లా చూస్తే ఇదే మంచిది.


జూన్ 3

ఊళ్ళో నాయనకు ఫోన్ చేశాను. టీం లీడరు చేస్తారేమో అన్నాను. "ఊరికే చేస్తారా?" అన్నాడు. ఆయన పేరు దేవరాజులు. జీవితమంతా ఇటుకబట్టీలో చేశాడు, అందుకే అట్లాంటి మాటలు వస్తాయి. పెట్టేశాను.


జూన్ 6, శుక్రవారం

అక్క ఫోన్ చేసింది. తిడుతుందనుకుని ఎత్తడానికి భయపడ్డాను. తిట్టి ఉంటే బాగుండేది.

"సోమారం పిలిచినారు మే, లేబర్ ఆఫీసుకు. నువ్వు రావద్దులే. నీకు టీం లీడరంట గదా, మన షిఫ్టు రఘువరన్ చెప్పినాడు. మంచిదే. ఇద్దరం పోగొట్టుకుని ఏం చేసేది?"

"అట్ల కాదక్కా..."

"ఒకటి అడగాల. నీ బొమ్మ ఉండాది గదా, అది సూపిస్తే సాలదా? ఊరూరూ చూసింది. అంతమంది చూసింది అబద్ధం ఎట్లయితాది?"

"సాలదక్కా," అన్నాను. "దాంట్లో నువ్వు లేవు."

"నా చెయ్యే గదా మే."

"నీదని యాడా రాయలేదు. నేనే కోసేసినా."

ఫోనులో అక్క వెనక పొయ్యి మీద ఏదో పొంగుతున్న చప్పుడు. "సరేలే. తిన్నావా?" అని అడిగి పెట్టేసింది.

పద్దెనిమిదో తారీఖున పెద్ద తెలివిగా రాసుకున్నాను, ఎందుకు పోయిందో. అసలు సంగతి రాయలేదు. ముఖం కోసేశాను కాబట్టి పోయింది. ఎవరిదీ కాకుండా చేశాను కాబట్టి అందరూ తమది చేసుకున్నారు. బ్యాంకామె తనది అనుకుంది. కండక్టరు తనది అనుకున్నాడు. దయానంద్ కూడా తనది అనుకున్నాడు. చెయ్యి విరిగిన మనిషి తప్ప అందరూ ఉన్నారు అందులో.


జూన్ 8, ఆదివారం

ఏమీ రాయాలని లేదు. ఒక బొమ్మ మొదలుపెట్టి తుడిచేశాను.


జూన్ 9, సోమవారం

రేపు గేటు దగ్గర కార్డు పెడితే పచ్చ లైటు వెలుగుతుందో ఎర్ర లైటు వెలుగుతుందో తెలియదు. అది రేపటి సంగతి.

పొద్దున డ్యూటీ బట్టలు వేసుకునే బయలుదేరాను. గోడౌనుకు పోయే ఆటో వచ్చింది, ఎక్కలేదు. ఇంకొకటి వచ్చింది. దాన్ని కూడా పోనిచ్చి తిరుపతి బస్సెక్కాను. ధైర్యమేమీ కాదు. కాళ్ళు అటు పోలేదు, అంతే. ఆ రెండో ఆటో ఖాళీగా వచ్చి ఉంటే ఎక్కేసేదాన్నేమో.

లేబర్ ఆఫీసు వరండాలో దయానంద్, కంపెనీ తరఫున ఇంకొకాయన, కాంట్రాక్టరు మనిషి. వాళ్ళకు ఎదురుగా బెంచీ మీద అక్క, ఏబెల్. అక్క కట్టు మాసిపోయి ఉంది. ఫోటోలో ఉన్నంత తెల్లగా లేదు.

నన్ను చూసి దయానంద్ లేచాడు. "నువ్వేంది ఈడ? షిఫ్టు గదా నీకు?"

"అవును సార్. పోలా."

"ఎవరు రమ్మన్నారు నిన్ను?"

"ఎవరూ రమ్మనలా. వద్దన్నారు."

అక్క నన్ను చూసి కళ్ళతోనే పోపొమ్మంది. ఏబెల్ బెంచీ మీద కొంచెం జరిగి చోటిచ్చాడు. కూర్చున్నాను.

లోపల ఒక ఆఫీసరమ్మ ఉంది. మనిషి బాగా అలిసిపోయి ఉంది. మా ముందు ఇంకెన్ని గొడవలు విందో. కంపెనీ ఆయన ముందు మాట్లాడాడు, బస్సు, మెట్లు, కాలుజారడం. దయానంద్ అవునవునన్నాడు. తర్వాత అక్క చెప్పింది. చెప్తూ చెప్తూ నవ్వింది. సారు రెండో చెయ్యి సంగతి అడిగినాడు మేడం, నేను సరే అన్నాను అని నవ్వింది. ఆఫీసరమ్మ తలెత్తి, "నవ్వుతున్నావెందుకమ్మా? నొప్పి లేదా?" అని అడిగింది. అక్క నవ్వు ఆపలేకపోయింది. నవ్వుతూనే ఏడ్చింది. దయానంద్ ఆ ఏడుపును కాదు, ముందు నవ్వునే పట్టుకున్నాడు. "చూడండి మేడం, ఆమెకే నగువొస్తాంది," అన్నాడు.

అప్పుడు నేను లేచాను.

"నేను చూసినాను మేడం," అన్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "ట్రాలీకి బ్రేకు పట్టదు. ర్యాంపు మీద నుంచి దిగింది. ఈ అక్క బెల్టు కాడ వంగి ఉండాది. నేను అరిచినా. అరిచినా గానీ ట్రాలీ ఆగలా. చెయ్యి ట్రాలీకీ బెల్టు చట్రానికీ మధ్య పడి విరిగింది. చప్పుడు నేను విన్నాను. ఆసుపత్రికి పోదామని ఆమె అడిగింది, పుత్తూరుకు పోదామని నేనే అన్నాను, ఈ సారు ఆటో పెట్టినాడు. నువ్వు ప్యాకింగులో ఉండావు గదా అని పోయిన సోమారం నన్ను గదిలోకి పిలిచి అడిగినాడు. నేను తల ఊపినా. నేను ఉండింది బెల్టు కాడ."

చెప్పడం అయిపోయింది. అయిపోయాక ఆగాను. ఎందుకాగానో కాసేపటికి తెలిసింది. రెండేళ్ళుగా ఏం చెప్పినా చివర నవ్వు కోసం చోటు వదులుతున్నాను. ఇప్పుడు కూడా వదిలాను.

ఎవరూ నవ్వలేదు.

ఫ్యాను తిరుగుతోంది. దయానంద్ నేల చూస్తున్నాడు. అక్క ఎడమ చేత్తో నా డ్యూటీ చొక్కా అంచు పట్టుకుని ఉంది, ఎప్పుడు పట్టుకుందో.

ఆఫీసరమ్మ పెన్ను మూత తీసింది. "మళ్ళీ మొదటి నుంచి చెప్పమ్మా, నిదానంగా," అనింది. "ఇది రాసుకోవాలి. ముందు నీ పేరు చెప్పు."

చెప్పాను. నాగవేణి, తండ్రి పేరు దేవరాజులు.